ఒక్క సీటు బండి

పెళ్ళయి పుదుచ్చేరికి వచ్చిన కొత్తలో నాకు అన్నీ ముచ్చటగానే ఉండేవి. మా అత్తయ్య అలివేలుమంగ మామయ్యని తమిళంలో "ఏంగ" అని, అంటే ఏమండీ అని పిలిచి, ఆ తర్వాత తిట్టేదంతా తెలుగులో తిట్టడం ముచ్చట. ముత్తియాల్‌పేటలో మా వీధి ఎంత సన్నమంటే, ఎదురింటి ఆదికేశవన్ గారింట్లో పోపు పెడితే మా ఇంట్లో తుమ్ములు వచ్చేవి. అదీ ముచ్చటే. గూడూరులో మా అమ్మకి ఫోన్ చేసి ఇవన్నీ చెబుతుంటే, "అక్కడ కాకులు కూడా బంగారపువేనా ఏందే?" అనేది.

అన్నిటికంటే నాకు నచ్చింది సాయంత్రం బండి ఎక్కించడం.

అది కరెంటు బండి. ఆరేళ్ళ కిందట మా మామయ్య దామోదరం గారు మిల్లులో రిటైరైనప్పుడు కొన్నారట. పెట్రోలు అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు, సైకిలు కంటే రవ్వంత వేగం. సీటు కింద నాలుగు సీసం బ్యాటరీలు. అవి ఊడిరావు. చార్జింగ్ పెట్టాలంటే బండికి బండే ఇంట్లోకి రావాలి. వీధికీ మా ముందుగదికీ మధ్య మూడు మెట్లు. ఆ మెట్ల మీద ఒక పాత చెక్క వేసి, మామయ్య హ్యాండిల్ పట్టుకుని పైకి లాగితే, అత్తయ్య వెనక నుంచి తోసేది. మామయ్య "అఁ... ద్యూ... త్రువా!" అని ఫ్రెంచిలో ఒకటి రెండు మూడు లెక్కపెట్టేవారు. ఆయనకి వచ్చిన ఫ్రెంచి అంతే. మూడో అంకెకి బండి గదిలోకి వచ్చి పడేది, ఏనుగు వచ్చి పడుకున్నట్టు.

వచ్చిన వారానికే నేను అరుగు మీద నిలబడి ఆ తమాషా చూస్తూ, నవ్వుతూ అనేశాను. "మామయ్యా, లెక్క మీది, బలం అత్తయ్యది! మీరు ఉత్తినే పట్టుకున్నారు."

ఎవరూ నవ్వలేదు. మామయ్య హ్యాండిల్ వదిలి, చెక్క తీసి గోడకి ఆనించి, కాళ్ళు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్ళిపోయారు. అత్తయ్య నా వైపు చూసి, కోపం లేకుండానే, "కాఫీ పెట్టు పో" అంది.

శ్రీరామ్ ఎనిమిదింటికి వచ్చాడు. మా ఆయన ఊరి అంచున మేట్టుపాళయంలో ఒక గిడ్డంగిలో సూపర్‌వైజర్. పొద్దున ఏడింటికి కంపెనీ వ్యాన్ ఎక్కితే మళ్ళీ ఆ వేళకే రావడం. వంటింట్లో అతనికి అన్నం పెడుతూ జరిగింది చెప్పాను.

చేతిలో ముద్ద అట్లాగే పట్టుకుని ఆగిపోయాడు. "ఏంది నువ్వు అనింది?"

"జోక్ చేశాను."

"ఎండాకాలంలో నాయనకి ఎడమ చెయ్యి పడిపోయింది, అర్చితా. వారం ఆస్పత్రిలో ఉండాడు. తిరిగొచ్చింది గాని మునుపటి పట్టు రాలేదు. బండి లాగేది అమ్మే. నాయనకి తెలుసు. నాయనకి తెలుసని అమ్మకీ తెలుసు. ఇన్ని నెలలుగా ఇంట్లో ఎవరమూ ఒక్క మాట అనలేదు. నువ్వు వారానికే టముకు కొట్టి చెప్పేస్తివి."

"పెళ్ళికి ముందు నాకెందుకు చెప్పలేదు?"

"మా నాయన చెయ్యి గురించి పెళ్ళిచూపుల్లో చెప్తారా ఎవరైనా?"

ఆ రోజు నుంచి సాయంత్రం నాలుగున్నర అవుతుంటే నేను పెరట్లో ఏదో ఒక పని కల్పించుకునేదాన్ని. "త్రువా" వినపడ్డాకే ముందుగదిలోకి వచ్చేదాన్ని.

ఆ బండి ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. అత్తయ్య లాస్‌పేటలో ఒక ప్రభుత్వ బడిలో ఆయా. ఇంకా మూడేళ్ళ సర్వీసు ఉంది. పొద్దున ఎనిమిదిన్నరకి మామయ్య ఆమెని వెనక కూర్చోబెట్టుకుని దింపుతారు, సాయంత్రం వెళ్ళి తీసుకొస్తారు. రిటైరైన మనిషికి రోజులో ఉన్న పనులు ఆ రెండే. మిగతా వేళంతా ఆ రెండింటికీ ఎదురుచూడటం. మూడున్నరకే చొక్కా వేసుకుని, బొత్తాలన్నీ పెట్టుకుని, అరుగు మీద కూర్చునేవారు.

ఇంకొకటి కూడా చెప్పాలి, సిగ్గుగా ఉన్నా. ఆదివారం సాయంత్రాలు ఆ బండి మాది. ముందుగది, ఒక పడగ్గది, వంటిల్లు. అంతే ఆ ఇల్లు. పడగ్గది తలుపు సరిగ్గా పడదు. మేం గుసగుసగా మాట్లాడుకున్నా ముందుగదిలోంచి మామయ్య దగ్గు వినపడేది. అదే బండి మీద శ్రీరామ్ వెనక కూర్చుని, గడ్డం అతని భుజం మీద ఆనించి, బీచి దాకా ఏం మాట్లాడినా ఎవరికీ వినపడదు. పాతిక కిలోమీటర్ల వేగం దాటదు కాబట్టి మాటలు కూడా బోలెడు పట్టేవి. కాపురం పెట్టిన రెండు నెలల్లో మేం నిజంగా మాట్లాడుకున్నవన్నీ ఆ సీటు మీదే మాట్లాడుకున్నాం.

అక్టోబరు సగంలో, తమిళ నెల ఐప్పసి వస్తూనే వానలు మొదలయ్యాయి. చెక్క నానింది. వారం రోజులు చూసి, ఒక ఆదివారం పొద్దున శ్రీరామ్ అన్నాడు. "నాయనా, కామరాజ్ సాలై రోడ్డులో కొత్త రకం కరెంటు సైకిళ్ళు వచ్చినాయంట. ఇరవై కిలోలే. బ్యాటరీ ఊడదీసి చేత్తో తెచ్చుకోవచ్చు. పాతది ఎక్స్‌ఛేంజ్ కూడా తీసుకుంటారు. ఊరికే చూసొద్దాం."

"దీనికేంది రోగం?" అన్నారు మామయ్య. చెయ్యి మాట ఎవరూ ఎత్తలేదు. బ్యాటరీ పాతబడింది కదా అన్నాం.

నలుగురం పోయాం. ఆ షాపులో అబ్బాయి పేరు ఎళిలరసన్. మామయ్యని చూసిన వెంటనే ఒక బూడిదరంగు సైకిల్ దగ్గరికి తీసుకెళ్ళి, మధ్య కడ్డీ పట్టుకుని ఒంటిచేత్తో నడుం దాకా ఎత్తి చూపించాడు. "చూడండి సార్. పిల్లిపిల్లని ఎత్తినట్టు ఎత్తొచ్చు."

మామయ్య కుడిచేత్తో ఎత్తారు. ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తారు. తర్వాత షాపు ముందు వీధిలో ఒక చుట్టు తిరిగొచ్చారు. తిరిగొస్తున్నప్పుడు ఆయన మొహం నాకింకా గుర్తుంది. గాలికి చొక్కా పొంగి, బడి ఎగ్గొట్టి వచ్చిన పిల్లాడిలాగా ఉన్నారు. ఎత్తగానే ఆయనకి ఆ బండి నచ్చేసింది, అది మాకందరికీ తెలిసిపోయింది.

ఈ లోపల అత్తయ్య షాపులో ఉన్న ఆ రకం సైకిళ్ళన్నిటి చుట్టూ తిరిగొచ్చి, ఎళిలరసన్ ముందు నిలబడింది. "ఏంపా, నేను యాడ కూర్చునేది?"

"ఇది సింగిల్ సీటు అమ్మా. వెనకది సామాను పెట్టుకోడానికి. ఇరవై కిలోల దాకా మోస్తుంది."

"నేనూ సామానే కదపా. ముప్పై ఐదేళ్ళుగా ఈయన మోస్తా ఉండాడు."

"ఇరవై కిలోలేనమ్మా..."

"అట్టయితే నన్ను నాలుగు విడతలుగా తోలుకోని పోవాల." అత్తయ్య గట్టిగా నవ్వింది. మేమంతా నవ్వాం. మామయ్య మాత్రం సైకిల్‌కి స్టాండ్ వేసి, వెనక ఆ ఇనపకడ్డీల పలకని చూస్తూ నిలబడ్డారు.

ఇద్దరు కూర్చునే కొత్త బండ్లూ ఉన్నాయి. అవన్నీ మళ్ళీ ఎనభై, తొంభై కిలోలు. లైసెన్సు కూడా కావాలి. ఆ చేత్తో మామయ్యకి లైసెన్సు ఎవరిస్తారు? తేలికది కావాలంటే ఒక్కరి బండి. ఇద్దరిది కావాలంటే ఈడ్చుకునే బండి. మధ్యలో ఏమీ లేదు.

ఇంటికొచ్చాక భోజనాల దగ్గర మామయ్య ఉన్నట్టుండి నన్నడిగారు. "అమ్మా అర్చితా. నువ్వు చదువుకున్నదానివి. నువ్వు చెప్పు. కొత్తది తీసుకుందామా, ఉండేదాన్నే నెట్టుకొద్దామా?"

ఆ ఇంట్లో నన్ను ఒక సలహా అడగడం అదే మొదటిసారి. శ్రీరామ్ నా వైపు కళ్ళతో సైగ చేస్తున్నాడు, తీసుకుందామని చెప్పమని. నేను చూడనట్టు పప్పు వడ్డిస్తూ, "తొందరేముంది మామయ్యా, బండి బాగానే నడుస్తా ఉంది కదా. అత్తయ్యకి బడికి మీరు లేకపోతే ఎట్లా? సంక్రాంతి అయ్యాక చూద్దాం" అన్నాను.

మామయ్య మొహం విచ్చుకుంది. "చూస్తివా మంగా, కోడలు ఎంత ఆలోచించి చెప్పిందో!"

ఆలోచించిన మాట నిజమే. నేను ఆలోచించింది ఆదివారం సాయంత్రాల గురించి.

సరిగ్గా తొమ్మిది రోజులకి ఆ సాయంత్రం వచ్చింది. మధ్యాహ్నం నుంచి కుండపోత. వీధిలో మోకాటికి కాస్త కింద దాకా నీళ్ళు. నేను పెరట్లో ఆరని బట్టలు ఒక తాడు మీద నుంచి ఇంకో తాడు మీదికి మారుస్తున్నాను. పనిలేని పని. "అఁ" వినపడింది. "ద్యూ" వినపడింది. తర్వాత అంకె రాలేదు. చెక్క జారిన చప్పుడు, ఒక బరువైన చప్పుడు, ఆ తర్వాత అత్తయ్య "అయ్యో" అనడం. గట్టిగా కూడా కాదు, పాలు పొంగితే అన్నట్టు.

పరుగెత్తాను. బండి వెనక్కి జారి పక్కకి పడి ఉంది. దాని వెనక చక్రం కింద అత్తయ్య కుడి పాదం. ఆమె నీళ్ళలో కూర్చుని, "ఏం కాలేదు, ఏం కాలేదు" అంటూ ఉంది. నేనొక్కదాన్నీ లేపబోతే ఆ బండి కదల్లేదు. ఆదికేశవన్ గారు లుంగీ ఎగగట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఇద్దరం కలిసి లేపాం.

మామయ్య మెట్ల పైన నిలబడి ఉన్నారు. అత్తయ్య గొడుగు ఆయన కుడిచేతిలో ఉంది. ఎప్పుడు తీసుకున్నారో తెలియదు. దాన్ని కింద వానలో కూర్చున్న ఆమె మీదికి పట్టాలని చెయ్యి బాగా ముందుకి చాపారు. అంత దూరం అందదు. అయినా చాపే ఉన్నారు.

బొటనవేలు, పక్క వేలు. ఎముకలు విరగలేదు, కానీ వంకాయ రంగులో వాచాయి. డాక్టరు పది రోజులు కాలు కింద పెట్టొద్దన్నాడు. అత్తయ్య ముందుగదిలో దిండు మీద కాలు పెట్టుకుని, "ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇంత సెలవు నాకెప్పుడూ దొరకలేదు" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతూ ఉండేది. నేను ఆమె కాలికి కాపడం పెట్టేదాన్ని. నాలుగో రోజున ఇక ఆగలేక చెప్పేశాను.

"అత్తయ్యా, ఆ రోజు మామయ్య నన్నడిగితే వద్దన్నాను కదా. మీ కోసం కాదు. ఆ బండి పోతే ఆదివారం మేం..."

"తెలుసు" అంది అత్తయ్య.

"తెలుసా?"

"నేను పెళ్ళి చేసుకోలేదా ఏంది? మాకు అప్పుడు సైకిలు. ముందర కడ్డీ మీద కూర్చునేదాన్ని." కాలు కొంచెం జరిపి, "ఇంకొంచెం పైకి పెట్టు, ఆ వేలి దగ్గర" అంది.

అంతే. తిట్టినా బాగుండేది.

ఆ ఆదివారం మామయ్య శ్రీరామ్‌ని పిలిచారు. "ఒరే, ఆ తేలికది కొనేయి."

"అమ్మ ఎట్ట పోతాది నాయనా?"

"షేర్ ఆటోలో. ఒకటి మారాల. పోతాది."

"మరి ఆ సైకిలు నీకు..."

"నాకా?" మామయ్య కిటికీలోంచి వీధిలోకి చూశారు. "పేపరు తెచ్చుకుంటా. రేషన్ తెచ్చుకుంటా. ఒక్కడికి చాలుతాది కదా."

అత్తయ్య పక్కనే ఉంది. చేతిలో ఉన్న చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనే ఉంది. తీసినవి తీయనివాటిలో పడేస్తూ ఉంది.

కార్తీకంలో ఒక శుక్రవారం, శ్రీరామ్ సెలవు పెట్టిన రోజున, కొత్త బండి ఇంటికి వచ్చింది. తెచ్చిన చిన్న ట్రక్కులోనే పాతదాన్ని తీసుకెళ్ళాలి. ఎళిలరసనూ డ్రైవరూ కలిసి ఎత్తబోతే ముందు చక్రం లేచింది గాని వెనకది లేవలేదు. ఆదికేశవన్ గారు కూడా ఒక చెయ్యి వేస్తే, ముగ్గురూ మొహాలు ఎర్రబడేలా ఎత్తి ట్రక్కులో వేశారు.

"ముగ్గురు!" అన్నారు మామయ్య. "చూస్తివా మంగా? ముగ్గురు మొగోళ్ళు కావాల్సొచ్చింది!"

అత్తయ్య కాలికి దెబ్బ తగిలాక ఆయన గొంతులో సంతోషం విన్నది అప్పుడే. ట్రక్కు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డారు.

తర్వాత పూజ. కొత్త బండి ఏదైనా సరే, పసుపు కుంకుమ పెట్టి, హారతిచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాలి. నిమ్మకాయ చితికితే దిష్టి పోయినట్టు. అరుగు ముందు నేలంతా ఇంకా తడిగానే ఉంది. అత్తయ్య కుంటుకుంటూ వచ్చి ముందు చక్రం కింద ఒకటి, వెనక చక్రం కింద ఒకటి నిమ్మకాయలు పెట్టింది. నేను హారతి పళ్ళెం పట్టుకున్నాను. మామయ్య కుడిచేత్తో హ్యాండిల్ పట్టుకుని ముందుకి నడిపించారు.

చక్రం నిమ్మకాయని తాకింది. నిమ్మకాయ జారి దొర్లుకుంటూ పోయి కాలవలో పడింది.

"ఇంకోటి పెట్టు" అన్నారు మామయ్య. ఇంకోటి పెట్టాం. ఈసారి చక్రం దాని మీదికి ఎక్కింది, అవతలికి దిగింది. నిమ్మకాయ అట్లాగే ఉంది, కొంచెం మెరుస్తూ. మూడోది. అదీ అంతే. అరుగుల మీద జనం చేరారు. ఆదికేశవన్ గారు, "ఏం దామోదరం, మీ బండి నిమ్మకాయకి భయపడతా ఉండాదే!" అన్నారు. ఎళిలరసన్ మొహం మాడిపోయింది. బరువు లేకపోవడమే దాని గొప్పతనమని అతను ఇంతకాలం అందరికీ చెబుతూ వచ్చాడు. అది ఇట్లా ఎదురు తిరుగుతుందని అతనికి ఎవరూ చెప్పినట్టు లేరు.

"నువ్వు ఎక్కి తొక్కు నాయనా" అన్నాడు శ్రీరామ్.

మామయ్య ఎక్కబోయి ఆగారు. నిమ్మకాయల వైపు చూశారు, అత్తయ్య వైపు చూశారు. "నేను ఎక్కితే నేరుగా పట్టుకునేదానికి ఎవరు? నేలంతా జారతా ఉండాది. మంగా, నువ్వు కూర్చో. నేను పట్టుకుంటా."

"నేనా? దాని మీదా?"

"ఊరికే కూర్చో. బరువు కావాల, అంతే."

"ఇన్నాళ్ళకి నా బరువుతో ఈ ఇంటికి ఒక పని పడింది" అంటూ అత్తయ్య చీర కాస్త ఎత్తి దోపుకుంది. సైకిలు మధ్యలో కడ్డీ కిందికి వంగి ఉంది కాబట్టి కష్టం లేకుండా కూర్చుంది. ముప్పై ఐదేళ్ళుగా ఒక పక్కకి తిరిగి కూర్చున్న మనిషి, మొదటిసారి ముందుకి తిరిగి కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. మామయ్య వాటిని ఒక్కొక్కటే తీసి హ్యాండిల్ మీద పెట్టారు. కుడిచేత్తో సీటు వెనక పట్టుకుని ముందుకి తోశారు.

పచ్ మని రెండు నిమ్మకాయలూ నలిగాయి. వీధంతా నిమ్మవాసన. అరుగుల మీద చప్పట్లు.

అత్తయ్య దిగలేదు.

మేమంతా ఆమె దిగుతుందని చూస్తున్నాం. ఆమె హ్యాండిల్‌ని కొంచెం ఎడమకి తిప్పింది, చక్రం ఎడమకి తిరిగింది. కుడికి తిప్పింది. బెల్ ఒకసారి కొట్టి చూసింది. మామయ్య సీటు పట్టుకున్న చెయ్యి తీయలేదు.

"ఏంగ" అంది అత్తయ్య, వెనక్కి తిరక్కుండానే. "వీధి చివర దాకా తోయండి."

వాళ్ళు వెళ్ళారు. వీధి చివర తిరిగి మళ్ళీ వచ్చారు. మళ్ళీ వెళ్ళారు. నా చేతిలో హారతి కర్పూరం ఎప్పుడో ఆరిపోయింది. శ్రీరామ్ నా చెవి దగ్గర, "మా అమ్మకి సైకిలు కూడా రాదు, తెలుసా" అన్నాడు. ఆ గొంతులో ఏముందో నాకర్థమయ్యి, పళ్ళెం ఎడమచేతిలోకి మార్చుకుని, అందరి ముందే అతని చెయ్యి పట్టుకున్నాను. ఎవరూ మావైపు చూడటం లేదు.

ఆ తర్వాత మూడు వారాలు పొద్దున ఆరింటికి సోలైనగర్ సముద్రపు ఒడ్డున నేర్చుకోవడం. సీటు బాగా కిందికి దించి, రెండు కాళ్ళూ నేలకి ఆనేలా పెట్టాం. నేను ముందు, మామయ్య వెనక. ఆ పాత బండిని ఆయన రెండు చేతులూ పెట్టినా ఆపలేకపోయేవారు. దీన్ని ఒక్క కుడిచేత్తో పట్టుకుని, పక్కనే పరుగెత్తగలిగేవారు. "ముందు చూడు మంగా! చక్రం చూడబాక, తోవ చూడు! బ్రేకు! బ్రేకు!" ఆరబెట్టిన వలల మధ్య అత్తయ్య వంకరటింకరగా పోతుంటే, చేపలమ్మే ధనభాగ్యం గంప దించి నడుం మీద చేతులు పెట్టుకుని, "అక్కా, నా వల తొక్కితివంటే నిన్నే పట్టి అమ్మేస్తా!" అని అరిచేది. అత్తయ్య అంతకంటే గట్టిగా, "అమ్ము, ఎంతిస్తారో నాకూ చెప్పు!" అని అరిచేది. రెండుసార్లు ఇసకలో పడింది. పడిన ప్రతిసారీ మామయ్య ముందు ఆమెని చూసి, తర్వాత బండిని ఒంటిచేత్తో ఎత్తి నిలబెట్టి, చీరకి అంటిన ఇసక దులిపేవారు. అంత బాగా కనపడుతున్నా ఆయన చెయ్యి గురించి ఎవరూ మాట్లాడలేదు. దాచుకోవడం మాత్రం మానేశారు. ఆ ఎడమచెయ్యి పక్కన వేలాడుతూ ఉండేది, దాని పాటికి అది.

డిసెంబరులో ఒక సోమవారం అత్తయ్య ఒక్కతే బడికి వెళ్ళింది. పెద్ద రోడ్డు దాకా మామయ్య పక్కనే నడిచి వెళ్ళి, దాటించి వచ్చారు. తొమ్మిదింటికి ఆమె బడి నుంచి ఫోన్ చేసింది. "వచ్చేసినా. హెడ్‌మాస్టరమ్మ బయటికొచ్చి చూసింది!"

ఫోన్ పెట్టేశాక మామయ్య పేపరు చదివారు. మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివారు. భోంచేసి పడుకున్నారు గాని నిద్రపోలేదు. మూడు కాగానే లేచి, చొక్కా వేసుకుని, బొత్తాలు పెట్టుకుని, చెప్పులు తొడుక్కున్నారు.

"ఎక్కడికి మామయ్యా? అత్తయ్య తనే వచ్చేస్తుంది కదా."

"తెలుసమ్మా" అన్నారు. ఎక్కడికో మాత్రం చెప్పలేదు.

లాస్‌పేట మూడు కిలోమీటర్లు. నాలుగున్నర అయింది, అత్తయ్య రాలేదు. అయిదయింది. నాకు కాళ్ళు నిలవక అరుగు మీదికీ వీధిలోకీ తిరిగాను. అయిదుంపావుకి వీధి మలుపులో కనపడ్డారు. అత్తయ్య సైకిల్‌ని నడిపించుకుంటూ వస్తోంది. అవతల వైపు మామయ్య. బ్యాటరీ నిండుగా ఉంది, టైర్లో గాలి ఉంది, బండికి ఏమీ కాలేదు. ఎక్కి వస్తే పన్నెండు నిమిషాల దారి. వాళ్ళు గంటసేపు నడిచి వచ్చారు.

అత్తయ్య ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, ఇంకో చెయ్యి ఊపుతూ ఏదో చెబుతోంది. రెండో తరగతి పిల్లవాడు ఎవడో పలకతో ఎవర్నో కొట్టాడట, వాళ్ళమ్మ వచ్చిందట, అదొక పెద్ద కథ. మామయ్య మధ్యలో ఆపి, "పలక ఎవరిది?" అని అడుగుతున్నారు. ఆమె మళ్ళీ మొదటి నుంచి చెబుతోంది. ఇంటి ముందు నన్ను చూసి కూడా ఆగలేదు. కథ అయ్యేదాకా మెట్ల కిందే నిలబడి, అయిపోయాక పైకి వచ్చారు.

"ఇంత ఆలస్యమైందేమిటి అత్తయ్యా? భయమేసింది నాకు."

"ఈయన బడి గేటు దగ్గర నిలబడి ఉండాడు. ఈయన్ని ఆడే వదిలేసి నేను బండెక్కి వస్తానా ఏంది?" అంది. అని, గొంతు తగ్గించి, నాకు మాత్రమే చెప్పింది. "వెనక కూర్చున్నన్నాళ్ళూ నేను చెప్పింది ఈయనకి సగం వినపడేది కాదు. 'ఆఁ, ఆఁ' అంటా ఉంటే వినపడిందిలే అనుకునేదాన్ని."

మామయ్య లోపల కాఫీకి నీళ్ళు పెట్టారు. అప్పటిదాకా ఆ ఇంట్లో ఆయన స్టవ్ వెలిగించడం నేను చూడలేదు. మర్నాడు కూడా మూడింటికి చొక్కా వేసుకున్నారు. ఆ మర్నాడూ. వాన పడిన రోజు రెండు గొడుగులు తీసుకెళ్ళారు.

ఆ ఆదివారం సాయంత్రం శ్రీరామ్ గోడకి ఆనించిన తేలిక బండిని చూస్తూ నిట్టూర్చాడు. "మనకి బీచి పోయింది కదా, పాపం. ఆదికేశవన్ గారి స్కూటర్ అడగనా?"

నేను అప్పటికే చెప్పులు వేసుకుని మెట్లు దిగుతున్నాను. "వద్దు. నడిచి పోదాం."

"నడిచా? బీచి ఎంత దూరమో తెలుసా నీకు?"

"తెలుసు" అన్నాను. "అందుకే."